పీఓఈ స్విచ్ కొనే ముందు వాట్ల లెక్క: గుంటూరు కోల్డ్ స్టోరేజీ ఉదాహరణతో అంచెలంచెలుగా

"కెమెరాలు ఇరవై, ఫోన్లు నాలుగు. 24 పోర్టుల పీఓఈ స్విచ్ తీసుకుంటే సరిపోతుందా?" ఈ ప్రశ్న వారానికి రెండు మూడుసార్లు వస్తోంది. పోర్టుల సంఖ్య ఒక్కటే చెబితే దీనికి జవాబు ఇవ్వలేను. ఏ కెమెరా, రాత్రి ఎన్ని వాట్లు లాగుతుంది, కేబుల్ ఎంత దూరం, కరెంటు పోతే ఎన్ని గంటలు నడవాలి అన్నవన్నీ తెలిస్తేనే స్విచ్ పేరు చెప్పగలను.

పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) స్విచ్ చేసే పని రెండు రకాలు. డేటా పంపుతుంది, అదే కేబుల్‌లో కరెంటూ పంపుతుంది. డేటాకి పోర్టుల లెక్క, కరెంటుకి వాట్ల లెక్క. మనవాళ్లు మొదటిది చూసి కొంటారు, రెండోది మూడు నెలల తర్వాత రాత్రిపూట బయటపడుతుంది. ఈ వ్యాసమంతా ఆ రెండో లెక్క గురించే. వేయాల్సింది పగటి సగటు మీద కాదు, అన్నీ ఒకేసారి ఎక్కువగా లాగే గడియ మీద వేయాలి.

## 1. కూర్చునే ముందు చేతిలో ఉండాల్సినవి

సైట్‌కి వెళ్లకుండా ఈ లెక్క వేయొద్దు. ఫోన్‌లో ఓనర్ గారు చెప్పిన దూరాలకీ, కండ్యూట్ తిరిగే దూరాలకీ సంబంధం ఉండదు.

- ప్రతి పరికరం మోడల్ నంబరు. "4 మెగాపిక్సెల్ బుల్లెట్" అంటే చాలదు, వెనక స్టిక్కర్ మీద ఉన్న పూర్తి నంబరు కావాలి.
- ఆ మోడల్ డేటాషీట్. అందులో గరిష్ఠ వాట్లు, పీఓఈ ప్రమాణం, క్లాస్ (ఈ చివరి రెండూ ఏమిటో 3లో ఉంది).
- ర్యాక్ నుంచి ప్రతి పరికరానికి కేబుల్ దారి పొడవు. మెట్ల మీద ఎక్కి దిగేది కూడా కలపాలి.
- కేబుల్ పెట్టె మీద రాసింది, దానితో పాటు కోసి చూడటానికి ఒక ముక్క.
- ర్యాక్ పెట్టే చోట మే నెల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో అంచనా.
- రాబోయే రెండేళ్లలో ఓనర్ ఏమేం కలపాలనుకుంటున్నారో ఆయన నోటి నుంచే.

చివరిది తప్పక అడగండి. "ఇంకేం పెట్టనండీ" అన్నవాళ్లే ఆర్నెల్లకి వెనక గోడౌన్‌కి మూడు కెమెరాలు కావాలంటారు.

## 2. పరికరాల పట్టీ: రాత్రి వాట్లు రాయండి

ఒక నోట్‌బుక్ పేజీలో నిలువుగా గీతలు గీసి ఇవి రాసుకోండి: పరికరం, ఎన్ని, ఒక్కోదాని గరిష్ఠ వాట్లు, క్లాస్, దూరం. ఎక్సెల్‌లో వేసినా ఇంతే.

గరిష్ఠం అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. గుంటూరులో ఒక నాలుగంతస్తుల కాంప్లెక్స్‌లో 14 కెమెరాలు, 16 పోర్టుల స్విచ్. స్విచ్ మొత్తం పీఓఈ సామర్థ్యం 120 వాట్లు. పగలు ఒక్కో కెమెరా 5 వాట్ల దగ్గర తిరిగింది, మొత్తం 70. హాయిగా నడిచింది, బిల్లు తీసుకుని వచ్చేశాను. మర్నాటి నుంచి రోజూ చీకటి పడే వేళకి 13, 14 కెమెరాలు పోవడం, రెండు నిమిషాలకి రావడం, మళ్లీ పోవడం. నేను కెమెరాలే పాడనుకుని రెండూ మార్చాను. కొత్తవీ అలాగే పోయాయి.

మూడో రోజు సాయంత్రం స్విచ్ పేజీ తెరిచి అక్కడే కూర్చున్నాను. వెలుతురు తగ్గుతుంటే ఒక్కో కెమెరాలో చీకట్లో చూడటానికి ఉండే ఎర్రటి ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) లైట్లు వెలుగుతున్నాయి, వెలిగిన కొద్దీ ఆ పోర్టు పక్కన 5 కాస్తా 9కి చేరుతోంది. 14 కెమెరాలు తొమ్మిదేసి వాట్లు లాగితే 126. స్విచ్ ఇవ్వగలిగింది 120. ప్రాధాన్యం అన్నిటికీ ఒకటే పెట్టి ఉండటంతో చివరి పోర్టులని అది కోసేస్తోంది. కోయగానే లోడు తగ్గుతుంది, మళ్లీ ఇస్తుంది, మళ్లీ మించుతుంది. కెమెరాల తప్పు ఏమీ లేదు. లెక్క పగలు వేశాను, అదీ తప్పు.

అందుకే ఒక్కో రకానికి గరిష్ఠం ఎక్కడ వస్తుందో గుర్తుపెట్టుకోండి:

- మామూలు బుల్లెట్, డోమ్ కెమెరా: ఐఆర్ వెలిగినప్పుడు. రాత్రి తెల్ల లైటు వేసి రంగుల్లో చూపించే రకమైతే ఆ లైటు వెలిగినప్పుడు.
- తిరిగే పీటీజెడ్ కెమెరా: మోటారు తిరుగుతూ, ఐఆర్ కూడా వెలుగుతున్నప్పుడు.
- వైఫై యాక్సెస్ పాయింట్: అన్ని రేడియోలూ బిజీగా ఉండి, యూఎస్‌బీ పోర్టుకి ఏమైనా తగిలించినప్పుడు.
- ఐపీ ఫోన్: స్క్రీన్ వెలుగుతూ స్పీకర్‌లో మాట్లాడుతున్నప్పుడు.

డేటాషీట్‌లో రెండు అంకెలు ఉంటే పెద్దది రాయండి. 12 వోల్టుల అడాప్టర్‌తో ఇంత, పీఓఈతో ఇంత అని విడిగా ఇస్తే పీఓఈ అంకె తీసుకోండి, అది సాధారణంగా కాస్త ఎక్కువే ఉంటుంది.

## 3. ప్రమాణం, క్లాస్: ఈ అంకెలు దగ్గర పెట్టుకోండి

ఐఈఈఈ ప్రమాణాలు మూడు. 2003 నాటి 802.3ఏఎఫ్, 2009 నాటి 802.3ఏటీ, 2018 నాటి 802.3బీటీ. దుకాణాల్లో పీఓఈ, పీఓఈ ప్లస్, పీఓఈ ప్లస్ ప్లస్ అంటారు. ప్రతి దానికీ రెండు అంకెలు ఉంటాయి: స్విచ్ పోర్టు దగ్గర ఇచ్చేది, 100 మీటర్ల కేబుల్ దాటాక పరికరానికి దక్కేది.

- ఏఎఫ్: పోర్టు దగ్గర 15.4 వాట్లు, పరికరానికి 12.95.
- ఏటీ: పోర్టు దగ్గర 30, పరికరానికి 25.5.
- బీటీ టైప్ 3: పోర్టు దగ్గర 60, పరికరానికి 51.
- బీటీ టైప్ 4: పోర్టు దగ్గర 90, పరికరానికి 71.3.

పరికరం తగిలించగానే అది తన క్లాస్ చెప్పుకుంటుంది. క్లాస్ 1 అంటే పోర్టు దగ్గర 4 వాట్లు, క్లాస్ 2 అంటే 7, క్లాస్ 3 అంటే 15.4, క్లాస్ 4 అంటే 30. ఆపై 5, 6, 7, 8 క్లాసులకి వరుసగా 45, 60, 75, 90. క్లాస్ 0 అంటే ఏమీ చెప్పలేదని, దానికీ 15.4 పక్కన పెడతారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 8 వాట్లు లాగే కెమెరా క్లాస్ 3 కిందికి వస్తుంది. క్లాస్‌ని బట్టి కేటాయించే స్విచ్ అయితే ఆ కెమెరా కోసం 15.4 వాట్లు పక్కన పెట్టేస్తుంది. వాడేది 8, లెక్కలో పోయేది 15.4. అందుకని పట్టీలో వాట్లూ క్లాసూ రెండూ రాయమన్నాను.

ప్రమాణాలకి లొంగని పరికరాలు కూడా ఉన్నాయి. కొన్ని వైర్‌లెస్ బ్రిడ్జి రేడియోలు 24 వోల్టుల పాసివ్ పీఓఈతో నడుస్తాయి. వాటిని పట్టీలో చేర్చకండి, వాటితో వచ్చిన ఇంజెక్టర్‌తోనే (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టె) నడపండి. ప్రమాణం పాటించే స్విచ్ అవతల పీఓఈ పరికరం ఉందో లేదో ముందు తడిమి చూసి, ఉంటేనే కరెంటు వదులుతుంది. కాబట్టి లాప్‌టాప్ తగిలించినా భయం లేదు. పాసివ్ ఇంజెక్టర్ అలా చూడదు, ఏది తగిలిస్తే దానికి కరెంటు వదిలేస్తుంది. దాని మీద ఎర్ర టేపు చుట్టి ఉంచండి.

## 4. కేబుల్ తినే వాట్లు

రాగి తీగకి కూడా నిరోధం ఉంటుంది. 100 మీటర్ల క్యాట్-5ఈ కేబుల్‌కి ఏటీ ప్రమాణం లెక్కేసే గరిష్ఠ నిరోధం, పోయి వచ్చే దారి కలిపి, 12.5 ఓమ్‌లు. 22 వాట్ల పీటీజెడ్ కెమెరాకి కేబుల్‌లోనే దాదాపు 3 వాట్లు వేడిగా పోతాయి. 8 వాట్ల కెమెరాకి అరవాటు కూడా పోదు. కరెంటు రెట్టింపైతే నష్టం నాలుగింతలు అవుతుంది, అందుకే పెద్ద పరికరాలని ర్యాక్‌కి దగ్గర ఉంచమంటాను.

అసలు గొడవ సీసీఏ కేబుల్‌తో. అంటే అల్యూమినియం తీగకి పైన రాగి పూత. అల్యూమినియం రాగిలో సుమారు 60 శాతమే కరెంటుని మోయగలదు. అంటే నిరోధం ఒకటిన్నర రెట్లకి పైనే. పగలు బాగా నడిచి, రాత్రి ఐఆర్ వెలగగానే రీస్టార్ట్ అయ్యే కెమెరాల్లో చాలా వాటి వెనక ఈ కేబుల్ ఉంటుంది.

కనిపెట్టడం తేలిక. ఒక తీగ మీద ప్లాస్టిక్ తీసి, బ్లేడుతో మెల్లగా గీకండి. రాగైతే ఎంత గీకినా లోపల ఎర్రగానే ఉంటుంది. సీసీఏ అయితే రెండు గీతలకే వెండిలా తెల్లగా మెరుస్తుంది. రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా. 305 మీటర్ల పెట్టె చేత్తో ఎత్తినప్పుడు మరీ తేలిగ్గా ఉన్నా అనుమానించండి. ఓనర్ ముందే కేబుల్ కొనిపెట్టి ఉంటే, ఆయన ఎదురుగానే గీకి చూపించండి. మాటలతో చెబితే అమ్మకం కోసం చెబుతున్నారనుకుంటారు.

మంచి రాగి కేబుల్ మీద నేను వేసే లెక్క: గరిష్ఠ వాట్ల మొత్తానికి 10 శాతం కలుపు. చిన్నవాటికి ఇది ఎక్కువే, వంద మీటర్ల చివర ఉన్న పెద్ద పరికరానికి కాస్త తక్కువ, మొత్తం మీద సరిపోతుంది. సీసీఏ మీద ఎంత కలపాలని అడగకండి. దాని మీద పీఓఈ పెట్టొద్దు, మార్పించండి.

90 మీటర్లు దాటే చోట ఎక్స్‌టెండర్ పెడితే అది తన వాటా కరెంటు కూడా అదే పోర్టు నుంచి తీసుకుంటుంది, లెక్కలో చేర్చాలి. కొన్ని చవక స్విచ్‌లలో 250 మీటర్ల మోడ్ బటన్ ఉంటుంది. అది వేగాన్ని 10 ఎంబీపీఎస్‌కి దించి దూరం పెంచుతుంది తప్ప కేబుల్‌లో పోయే వాట్లని తగ్గించలేదు. వెనక గోడౌన్ అంత దూరమైతే ఫైబర్ లాగి అక్కడొక చిన్న స్విచ్ పెట్టడమే నా సలహా.

## 5. కూడిక: ఒక కోల్డ్ స్టోరేజీ లెక్క

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉండే సరంజామా తీసుకుందాం.

- బుల్లెట్, డోమ్ కెమెరాలు 12. ఒక్కోటి గరిష్ఠంగా 8 వాట్లు, క్లాస్ 3.
- గేటు దగ్గర ఒకటి, కాటా దగ్గర ఒకటి, మొత్తం 2 పీటీజెడ్‌లు. ఒక్కోటి 22 వాట్లు, క్లాస్ 4.
- ఆఫీసు, లోడింగ్ ప్లాట్‌ఫారం, గెస్ట్ రూములకి యాక్సెస్ పాయింట్లు 3. ఒక్కోటి 20 వాట్లు, క్లాస్ 4.
- ఐపీ ఫోన్లు 4. ఒక్కోటి 5 వాట్లు, క్లాస్ 2.

మొదటి లెక్క, నిజంగా లాగేది. కెమెరాలు 96, పీటీజెడ్‌లు 44, యాక్సెస్ పాయింట్లు 60, ఫోన్లు 20. మొత్తం 220 వాట్లు. కేబుల్ కోసం 10 శాతం కలిపితే 242.

రెండో లెక్క, క్లాస్‌ని బట్టి. 12 × 15.4 = 184.8. పీటీజెడ్‌లకి 60. యాక్సెస్ పాయింట్లకి 90. ఫోన్లకి 28. మొత్తం 362.8 వాట్లు. దీనికి మళ్లీ 10 శాతం కలపకండి. ఇవి పోర్టు దగ్గరి అంకెలు, కేబుల్ నష్టం వీటిలోనే ఉంది.

మూడో లెక్క, రేపటిది. పరికరాలు 21, స్విచ్‌లో ఇంకా 3 పోర్టులు మిగులుతాయి. ఆ మూడింటికీ కెమెరాలే వస్తాయనుకుంటే, నిజ లెక్కలో ఇంకో 26 వాట్లు చేరి 268 అవుతుంది. క్లాస్ లెక్కలో 46 చేరి 409 అవుతుంది.

ఇప్పుడు నియమం: రేపటి మొత్తం స్విచ్ పీఓఈ సామర్థ్యంలో 80 శాతం దాటకూడదు. 24 పోర్టుల స్విచ్‌లు 195, 250, 370 వాట్లలో దొరుకుతాయి. 195లో ఈ రోజు లెక్కే పట్టదు. 250లో 242 పడుతుంది, కానీ మెడ మీద కత్తి పెట్టుకుని నడిపినట్టే. 370లో 80 శాతం అంటే 296, మన 268 అందులో ఇముడుతుంది.

అయితే 370 స్విచ్ క్లాస్ లెక్కతో కేటాయిస్తే ఈ రోజు 362.8 పోయి మిగిలేది 7.2 వాట్లే. ఇరవై రెండో పరికరం తగిలిస్తే "పవర్ లేదు" అంటుంది, నిజానికి వంద వాట్లకి పైగా ఖాళీగా ఉన్నా సరే. కాబట్టి ఈ స్విచ్ నిజ వాడకాన్ని బట్టి కేటాయించగలదో లేదో కొనక ముందే తేల్చుకోవాలి. తేలకపోతే క్లాస్ లెక్కనే నమ్మి, 409 వాట్లకి తగ్గట్టు పెద్దది తీసుకోవాలి, లేదా రెండుగా విడదీయాలి.

## 6. స్విచ్ డేటాషీట్‌లో చూడాల్సినవి

కొటేషన్‌లో "24 పోర్టుల గిగాబిట్ పీఓఈ ప్లస్" అని ఉంటే 24 పోర్టులకీ ఒకేసారి 30 వాట్లు వస్తాయని అర్థం కాదు. 24 × 30 అంటే 720 వాట్లు. 370 వాట్ల స్విచ్ ఏ ఒక్క పోర్టుకైనా 30 ఇస్తుంది, అన్నిటికీ ఒకేసారి ఇవ్వలేదు.

- పీఓఈ బడ్జెట్, అంటే అన్ని పోర్టులకీ కలిపి ఇవ్వగలిగేది, ఎన్ని వాట్లు? పవర్ సప్లై సామర్థ్యం వేరే అంకె, దాంతో కలపకండి.
- ఒక్కో పోర్టు గరిష్ఠం ఎంత? కొన్నిటిలో మొదటి కొన్ని పోర్టులకే ఎక్కువ వాట్లు ఉంటాయి.
- ఏ పోర్టుల్లో పీఓఈ ఉంది? అప్‌లింక్, ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే) పోర్టుల్లో సాధారణంగా ఉండదు.
- కేటాయింపు క్లాస్‌తోనా, నిజ వాడకంతోనా, ఎల్ఎల్‌డీపీతోనా?
- గార్డ్ బ్యాండ్ ఎంత? మిగిలిన వాట్లు ఈ అంకె కన్నా తగ్గితే కొత్త పరికరాన్ని స్విచ్ ఎక్కించుకోదు.
- పీఓఈ లేకుండా స్విచ్ తనకి తాను ఎంత తింటుంది?
- ఎంత ఉష్ణోగ్రత దాకా పని చేస్తుంది? 40, 45, 50 డిగ్రీలు, మోడల్‌ని బట్టి.

ఎల్ఎల్‌డీపీ గురించి ఒక్క మాట. అది పరికరం, స్విచ్ మాట్లాడుకునే పద్ధతి. దాని ద్వారా పరికరం "నాకు ఇన్ని వాట్లు చాలు" అని వాటులో పదో వంతు దాకా కచ్చితంగా చెప్పగలదు. రెండు వైపులా ఆన్ చేసి ఉంటే వృథా కేటాయింపు చాలా తగ్గుతుంది.

రెండు పవర్ సప్లైలు పట్టే పెద్ద స్విచ్ అయితే ఇంకో చిక్కు. రెండూ కలిపి వచ్చే బడ్జెట్ చూసి నిండా పరికరాలు తగిలిస్తే, ఒకటి పోయిన రోజు సగం ఆరిపోతాయి. ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో ఒక సప్లై బడ్జెట్‌లోనే మొత్తం లెక్క ఇమడాలి.

పీఓఈ పోర్టులు ఉన్న ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్) కొనేవాళ్లు కూడా ఇదే లెక్క వేయాలి. దాని వెనక ఉన్న పీఓఈ పోర్టులకీ ఒక మొత్తం బడ్జెట్ ఉంటుంది.

## 7. ఒక పెద్దదా, రెండు చిన్నవా?

పరికరాలన్నీ ఒకే భవనంలో, 80 మీటర్ల లోపు ఉంటే ఒకటే పెద్దది చాలు. గేటు, కాటా, వెనక గోడౌన్ ఇలా విడివిడిగా ఉంటే రెండు తీసుకోండి. ఒకటి పాడైతే సగమైనా నడుస్తుంది.

## 8. ఎవరికి ముందు, ఎవరికి వెనక

ఎంత లెక్క వేసినా ఒక రోజు తక్కువ పడొచ్చు. ఆ రోజు ఏది ఆరిపోవాలో మీరే నిర్ణయించాలి. మేనేజ్డ్ స్విచ్‌లో ఒక్కో పోర్టుకి క్రిటికల్, హై, లో అని ప్రాధాన్యం ఇవ్వొచ్చు.

కోల్డ్ స్టోరేజీలో నేను ఇలా పెడతాను. కాటా కెమెరా, గేటు కెమెరా, క్యాషియర్ గదిది క్రిటికల్. ఆఫీసు యాక్సెస్ పాయింట్, మిగతా కెమెరాలు హై. గెస్ట్ రూముల వైఫై లో. కాటా కెమెరా ఎందుకు పైన అంటే, సీజన్‌లో రైతుకీ గుమాస్తాకీ బస్తా తూకం మీద మాట వచ్చినప్పుడు అందరూ అడిగేది ఆ రికార్డింగే.

ప్రాధాన్యం సమానంగా వదిలేస్తే చాలా స్విచ్‌లు చిన్న పోర్టు నంబరుకి పెద్దపీట వేస్తాయి. అన్‌మేనేజ్డ్ స్విచ్‌లో సెట్టింగు ఉండదు కాబట్టి ముఖ్యమైనవాటిని మొదటి పోర్టుల్లోనే తగిలించండి.

## 9. యూపీఎస్, ఇన్వర్టర్, బ్యాటరీ

268 వాట్లు పోర్టుల నుంచి బయటికి వెళ్లాలంటే గోడ ప్లగ్గు నుంచి అంతకన్నా ఎక్కువ లాగాలి. స్విచ్ లోపలి పవర్ సప్లై తాను లాగిన దానిలో 88 శాతమే బయటికి ఇస్తుందనుకుందాం. 268 ÷ 0.88 = 305. స్విచ్ సొంత వాడకం 30. ఎన్‌వీఆర్‌కి 40, ఫైబర్ మోడెం, రౌటర్‌కి 15. మొత్తం 390 వాట్లు.

యూపీఎస్ మీద వీఏ పెద్ద అక్షరాల్లో, వాట్లు చిన్న అక్షరాల్లో రాస్తారు. మనకి కావాల్సింది వాట్లు. 1000 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 600 వాట్లే ఇస్తాయి. 390 అందులో 65 శాతం, బాగానే ఉంది. 600 వీఏది తీసుకుంటే 360 వాట్లే వస్తుంది, చాలదు.

కానీ ఆ 1000 వీఏ పెట్టెలో ఉండే రెండు చిన్న 7 ఏహెచ్ బ్యాటరీలు ఈ లోడు మీద పది, పదిహేను నిమిషాలకి మించి నిలవవు. జనరేటర్ ఎక్కేదాకా ఆపడానికి అది చాలు. జనరేటర్ లేని చోట రెండు గంటలు కావాలంటే ఇన్వర్టర్‌కి వెళ్లాలి. ఇన్వర్టర్ కూడా బ్యాటరీ నుంచి లాగిన దానిలో 85 శాతమే బయటికి ఇస్తుందనుకుంటే లెక్క: 390 ÷ 0.85 = 459 వాట్లు. 12 వోల్టుల మీద 38 ఆంపియర్లు. రెండు గంటలకి 76 ఏహెచ్. 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ మీద రాసిన 150 అనేది ఇరవై గంటల పాటు మెల్లగా తీస్తే వచ్చేది. 38 ఆంపియర్లు లాగితే సుమారు వంద దగ్గరే ఆగుతుంది. కాబట్టి 150 ఏహెచ్ ఒకటి కొత్తలో రెండు గంటలకి కాస్త పైనే లాగుతుంది, బ్యాటరీ పాతబడ్డాక ఆ రెండు గంటలే ఇస్తుంది.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు మారేటప్పుడు ఆలస్యం ఎక్కువై పీఓఈ స్విచ్ రీస్టార్ట్ అవుతుంది, దాని వెనకే కెమెరాలన్నీ. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

ఓనర్లు అడిగే ఇంకో ప్రశ్న కరెంటు బిల్లు. సగటున 250 వాట్లు లాగితే రోజుకి 6 యూనిట్లు, నెలకి 180. ముందే చెప్పేస్తే తర్వాత మాట రాదు.

## 10. వేడి, మిర్చి దుమ్ము

మే నెలలో విజయవాడ, గుంటూరుల్లో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. టెర్రస్ మెట్ల గదిలో, రేకుల కింద తాళం వేసిన ర్యాక్ లోపల అంతకన్నా ఎక్కువే. 45 డిగ్రీల దాకే పని చేసే స్విచ్ అక్కడ పెడితే వాట్ల లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మధ్యాహ్నం ఆగిపోతుంది.

ఊరటనిచ్చే విషయం, 268 వాట్లూ ర్యాక్‌లో వేడిగా మారవు. అవి కెమెరాల దగ్గర ఖర్చవుతాయి. ర్యాక్‌లో మిగిలేది పవర్ సప్లై నష్టం 37, స్విచ్ సొంత వాడకం 30, మొత్తం 67 వాట్లు. దానికి ఎన్‌వీఆర్, మోడెం 55 కలపండి. ఒక పాతకాలపు వంద వాట్ల బల్బుని మించిన వేడి మూసిన పెట్టెలో ఉన్నట్టు. పైన రెండు చిన్న ఫ్యాన్లు, కింద గాలి రావడానికి ఖాళీ ఉంటే తట్టుకుంటుంది. యూపీఎస్‌ని ర్యాక్ బయట ఉంచండి.

కోల్డ్ స్టోరేజీల్లో వేడి కన్నా దుమ్ము పెద్ద శత్రువు. ఒకసారి లోడింగ్ ప్లాట్‌ఫారం పక్కన పెట్టిన స్విచ్ మూత విప్పాను. ఫ్యాన్ రెక్కల మీద ఎర్రటి పొర, మెత్తగా, ముద్దలా అంటుకుని ఉంది. బ్రష్ వేయగానే ఘాటుకి కళ్లు మండి, ఇద్దరం బయటికి పరుగెత్తాం. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. అక్కడ ర్యాక్‌ని ఆఫీసు గదిలోకి మార్చాం. మార్చలేని చోట ర్యాక్ తలుపుకి ఫిల్టర్ గుడ్డ వేసి, సీజన్‌లో నెలకొకసారి ఉతకమని వాచ్‌మన్‌కి అప్పగించండి. శుభ్రం చేసేటప్పుడు మాస్కు, కళ్లజోడు తప్పనిసరి.

## 11. బిగించాక పరీక్ష: పగలే రాత్రి చేయండి

డబ్బులు తీసుకునే ముందు ఈ వరుసలో చేయండి.

1. అన్ని పరికరాలూ తగిలించి పదిహేను నిమిషాలు ఆగండి. స్విచ్ పేజీలో మొత్తం వాట్లు రాసుకోండి. సిస్కో స్విచ్‌లో "షో పవర్ ఇన్‌లైన్" కమాండ్‌తో అందుబాటు, వాడకం, మిగులు మూడూ కనిపిస్తాయి.
2. ఎన్‌వీఆర్‌లో కెమెరాలన్నిటినీ నైట్ మోడ్‌లో పెట్టి ఐఆర్ వెలిగించండి. అలా కుదరని వాటికి నల్ల గుడ్డ కప్పండి.
3. పీటీజెడ్‌లని టూర్‌లో తిప్పండి. ఫోన్లన్నీ స్పీకర్‌లో పెట్టండి.
4. ఇప్పుడు మొత్తం వాట్లు మళ్లీ రాసుకోండి. మన ఉదాహరణలో ఇది 242 దగ్గర లేదా లోపు రావాలి. మించితే ఏ పోర్టు ఎక్కువ లాగుతోందో వెతకండి.
5. అదే స్థితిలో మెయిన్ ఆపండి. బ్యాటరీ మీదికి మారేటప్పుడు ఒక్క కెమెరా కూడా పోకూడదు.
6. బ్యాటరీ కూడా ఆపి, ఐదు నిమిషాలకి అన్నీ ఒకేసారి వేయండి. అన్నీ ఒక్కసారిగా లేచే ఈ గడియే అసలు పరీక్ష. పది నిమిషాల్లో అన్నీ లైన్‌లోకి రావాలి.

ఆరో అంచె చాలామంది వదిలేస్తారు. గాలివాన వచ్చి కరెంటు పోయి వచ్చిన రాత్రి కెమెరాలు రాలేదని ఫోన్ వచ్చేది ఇది చేయని సైట్ల నుంచే.

## 12. తరచూ వచ్చే ఫిర్యాదులు

చీకటి పడగానే చివరి కెమెరాలు పోతున్నాయి. మొత్తం బడ్జెట్ మించింది. తాత్కాలికంగా ఐఆర్ తీవ్రత తగ్గించి, రెండు కెమెరాలని ఇంజెక్టర్ మీదికి మార్చండి. శాశ్వతంగా స్విచ్ మార్చాలి.

ఒక్క కెమెరానే రాత్రి రీస్టార్ట్ అవుతోంది. ఆ కేబుల్ దూరం, సీసీఏ, వదులైన క్రింపింగ్, ఈ వరుసలో చూడండి. అదే కెమెరాని ర్యాక్ దగ్గర రెండు మీటర్ల ప్యాచ్ కార్డ్‌తో పెట్టి ఐఆర్ వెలిగించండి. ఇక్కడ నిలిస్తే దోషం కేబుల్‌ది.

యాక్సెస్ పాయింట్ వెలుగుతోంది, వేగం లేదు. ఏటీ అడిగే దానికి ఏఎఫ్ పోర్టు ఇచ్చారేమో చూడండి. కొన్ని మోడళ్లు కరెంటు తక్కువైతే రేడియోల్లో కొన్నిటిని ఆపుకుని నడుస్తాయి.

వాట్లు మిగిలే ఉన్నాయి, కొత్త పరికరం లేవడం లేదు. క్లాస్ కేటాయింపు లేదా గార్డ్ బ్యాండ్. కేటాయింపు పద్ధతి మార్చండి, లేదా ఆ పోర్టులకి గరిష్ఠ పరిమితి చేత్తో పెట్టండి. 8 వాట్ల కెమెరాకి 10 చాలు.

మధ్యాహ్నం రెండింటికి అన్నీ పోయి సాయంత్రం వస్తున్నాయి. వేడి. ర్యాక్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూడండి. నిలిస్తే చోటు మార్చాలి.

ఉరుముల తర్వాత ఒక పోర్టు చచ్చిపోయింది. టెర్రస్ మీది, స్తంభం మీది కెమెరా లైన్ అయి ఉంటుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో చూసి, ఆ లైన్‌కి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. సర్జ్ ప్రొటెక్టర్ పీఓఈని దాటనిచ్చే రకం కావాలి.

## 13. ర్యాక్ తలుపు లోపల అంటించే కాగితం

ఒక ఏ4 కాగితం మీద ఇవి రాసి, ల్యామినేషన్ చేయించి తలుపు లోపల అంటించండి.

- స్విచ్ పీఓఈ బడ్జెట్: 370 వాట్లు. దాటకూడని గీత: 296.
- పరీక్ష రోజు రాత్రి లోడు, తేదీ.
- పోర్టు వారీగా పరికరం, వాట్లు, ప్రాధాన్యం.
- ఖాళీ పోర్టులు 3, వాటికి మిగిలిన వాట్లు.
- బ్యాటరీ పెట్టిన తేదీ.
- కింద ఖాళీ గడులు: కొత్తగా ఏది తగిలిస్తే అది, ఎన్ని వాట్లు, ఎవరు తగిలించారు.

మీరు లేనప్పుడు వచ్చే ఇంకో టెక్నీషియన్ ఆ తలుపు తీయగానే ముందు ఈ కాగితమే కనపడాలి. పెన్ను కూడా దారంతో కట్టి ఉంచండి.